వానాకాలంలో మౌంటెన్ సైకిల్ డిస్క్ బ్రేకుల కీచుమోత తగ్గించుకోవడం ఎలా?

బెంగళూరులో జూన్ మొదలుకొని అక్టోబరు దాకా తెల్లవారుజామున సైకిల్ బయటికి తీసేవారందరికీ ఈ చప్పుడు పరిచయమే. కనకపుర రోడ్డు అవతలి ఎర్రమట్టి దారుల్లో రెండు గంటలు తిరిగి, ఒళ్లంతా బురదతో ఇల్లు చేరి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగే వాలులో బ్రేకు నొక్కగానే సెల్లారంతా దద్దరిల్లేలా కీచుమోత లేస్తుంది. చాలామంది బ్రేకు పాడైందనుకుని కంగారుపడి దాని మీద ఏదో ఒక నూనె కొట్టేస్తారు. మరికొందరు వానాకాలమంటే ఇంతేనని సరిపెట్టుకుంటారు. రెండూ పొరపాటే. తడిలో వచ్చే చప్పుడుకు కారణాలు నాలుగైదుకు మించవు. వాటిలో మీ సైకిల్‌ది ఏదో ముందుగా తేల్చుకోగలిగితే, ఒక ఆదివారం ఒక పూట కేటాయించి ఇంట్లోనే చాలావరకు సరిచేసుకోవచ్చు.

చప్పుడు పుట్టే తీరు మొదట తెలుసుకోవాలి, ఎందుకంటే తర్వాత చేసే ప్రతి పనికీ అదే ఆధారం. జిడ్డు పూర్తిగా పోయేలా తోమిన స్టీలు కంచాన్ని తడి వేలితో గట్టిగా నొక్కి రాస్తే కీచుమంటుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే. వేలు ఒక క్షణం కంచాన్ని పట్టుకుంటుంది, మరుక్షణం జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. బ్రేకు ప్యాడ్ (రాపిడితో చక్రాన్ని ఆపే చిన్న బిళ్ల) కూడా, చక్రంతో పాటు తిరిగే రోటర్ అనే స్టీలు పళ్లేన్ని ఇలాగే పట్టి వదులుతూ ఉంటే, ఆ అదురు సెకనుకు కొన్ని వందల సార్లు జరిగి, పలుచని రోటర్ తాళంలాగా మోగుతుంది, ఆ మోత ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకూ ఫ్రేముకూ పాకుతుంది. ప్యాడ్‌కూ రోటర్‌కూ మధ్య నీటి పొర చేరినప్పుడు పట్టు ఒక్కోచోట ఒక్కోలా మారుతుంది గనుక అదురు ఎక్కువవుతుంది. దానికి సన్నని మట్టి, నూనె, వదులైన బోల్టు వంటివి తోడైతే చెప్పనక్కరలేదు.

ముందు చెవితో పరీక్షించండి

పనిముట్లు తీయకముందు సైకిల్‌ను బయటికి తీసుకెళ్లి, ముందు బ్రేకునూ వెనుక బ్రేకునూ విడివిడిగా నొక్కి చూడండి. రెండూ కలిపి నొక్కితే చప్పుడు ఎటునుంచి వస్తున్నదో తెలియదు. రోటర్ మీద మగ్గుతో నీళ్లు పోసి, నెమ్మదిగా తొక్కుతూ ఐదారుసార్లు బ్రేకు వేయండి. మొదటి రెండు మూడు సార్లు అరిచి, ఆ తర్వాత రోటర్ ఆరేకొద్దీ చప్పుడు తగ్గిపోతే అది వట్టి నీటి మోత మాత్రమే. దానికోసం ఏదీ విప్పవలసిన పని లేదు. చప్పుడు ఆగకుండా, పైగా లీవర్ ఎంత నొక్కినా సైకిల్ ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంటే ప్యాడ్‌లకు నూనో జిడ్డో అంటిందని అర్థం. బ్రేకు నొక్కకపోయినా చక్రం తిరిగే ప్రతి చుట్టుకూ ఒకే చోట శ్‌మని రాసుకుంటే రోటర్ వంగి ఉండవచ్చు, ఎడతెగకుండా రాసుకుంటే క్యాలిపర్, అంటే ప్యాడ్‌లను పట్టి ఉంచే భాగం, రోటర్‌కు మధ్యలో లేదన్నమాట. ఇనుము మీద ఇనుము గీసినట్టు గరగరమంటే వెంటనే ఆపేయండి: ప్యాడ్ అరిగిపోయి వెనుక రేకు రోటర్‌ను కోస్తూ ఉండవచ్చు. ఒక్కోసారి ప్యాడ్‌కూ రోటర్‌కూ మధ్య ఇసుక రవ్వ ఇరుక్కున్నా ఇలాగే వినిపిస్తుంది, కానీ చూడకుండా ఇసుకేనని ధైర్యం తెచ్చుకోకండి. ఇక బ్రేకు నొక్కినప్పుడు ఫోర్కు అంతా అదిరి బొంయ్‌మని లోతుగా మోగితే, ఏదో ఒక బోల్టు వదులైందేమోనని చూడాలి.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. జోరువానలో పూర్తి నిశ్శబ్దాన్ని ఆశించడం న్యాయం కాదు. పట్టు గట్టిగా ఉండి కొద్దిసేపు అరిచే బ్రేకు మంచి బ్రేకే. చప్పుడుతో పాటు పట్టు తగ్గితేనే ఆందోళన పడాలి, ఎందుకంటే అది చెవికి సంబంధించిన సమస్య కాదు, ప్రాణానికి సంబంధించినది.

కడగడం, కడిగించకూడని చోటు

మట్టి ఉండగా ఏ పరీక్షా సరిగ్గా తేలదు కాబట్టి సైకిల్‌ను ముందు కడగాలి. బకెట్ నీళ్లు, మగ్గు, మెత్తని బ్రష్, కొద్దిగా సబ్బు నీళ్లు చాలు. గొలుసుకు ఒక బ్రష్, రోటర్‌కు మరొక బ్రష్ వేరువేరుగా ఉంచుకోండి. గొలుసు రుద్దిన బ్రష్ రోటర్‌కు తగిలిందంటే మీరు కడగడం లేదు, నూనె పూస్తున్నారు. రోటర్ రంధ్రాల్లో, క్యాలిపర్ సందులో ఎండిపోయిన ఎర్రమట్టిని నానబెట్టి వదిలించి, ఆఖరున సబ్బు ఏమాత్రం మిగలకుండా మంచినీళ్లు పోయండి.

బైకులకు వాటర్ సర్వీసింగ్ చేసే చోటికి మాత్రం సైకిల్‌ను తీసుకెళ్లకండి. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. ఒక సెప్టెంబరులో బురద మరీ ఎక్కువగా ఉందని, బద్ధకించి, దారిలో కనిపించిన అలాంటి ఒక షెడ్డులో సైకిల్‌ను ఇచ్చాను. కుర్రాడు నీళ్లతో శుభ్రంగానే కొట్టాడు, ఆ తర్వాత మోటారు సైకిళ్లకు చేసే అలవాటు కొద్దీ చివర్లో కిందిభాగమంతా డీజిల్ పిచికారీ చేశాడు. చక్రం తిప్పి చూస్తే రోటర్ మీద ఎండ పడినప్పుడు ఇంద్రధనుస్సు రంగులు జారుతున్నట్టు కనిపించాయి. బాగా మెరుస్తోందని సంతోషించానే తప్ప అది డీజిల్ పొర అని తట్టలేదు. ఇంటికి వచ్చే దారిలో ఫ్లైఓవర్ దిగేటప్పుడు ముందు బ్రేకు పెద్దగా అరిచింది, కానీ ఆగలేదు. వెనుక బ్రేకుతోనూ కాలు నేలకు రాస్తూనూ ఎలాగో ఆపగలిగాను. ఆ నాలుగు ప్యాడ్‌లూ ఎందుకూ పనికిరాకుండా పోయాయి. హై ప్రెషర్ నీటి ధారతో మరొక నష్టం కూడా ఉంది, అది చక్రం మధ్యనుండే హబ్ బేరింగుల్లోని గ్రీజును తోసేసి లోపలికి నీళ్లు పంపుతుంది.

ప్యాడ్‌లు విప్పి చూడడం

చక్రం తీసిన తర్వాత బ్రేకు లీవర్‌ను పొరపాటున కూడా నొక్కకండి. హైడ్రాలిక్ బ్రేకులో, అంటే ద్రవం ఒత్తిడితో పనిచేసే బ్రేకులో, రోటర్ లేకుండా లీవర్ నొక్కితే ప్యాడ్‌లను తోసే పిస్టన్లు బయటికి వచ్చేసి, మళ్లీ చక్రం దూరకుండా పోతుంది. సైకిల్ కొన్నప్పుడు ఇచ్చిన ప్లాస్టిక్ స్పేసర్ ఉంటే క్యాలిపర్ సందులో పెట్టండి, లేకపోతే నాలుగు మడతలు వేసిన అట్టముక్క సరిపోతుంది. ప్యాడ్‌లను పట్టి ఉంచే పిన్ను లేదా చిన్న బోల్టును, దాని చివర ఉండే క్లిప్పును తీసి, రెండు ప్యాడ్‌లనూ వాటి మధ్య ఉండే స్ప్రింగ్‌తో సహా బయటికి లాగండి. ఏ ప్యాడ్ ఏ వైపుదో గుర్తు పెట్టుకోండి. రాపిడి పడే ముఖాన్ని వేళ్లతో తాకకండి, చేతి జిడ్డు కూడా నూనే.

ఇప్పుడు వెలుతురులో పట్టుకుని నిదానంగా చూడండి. రాపిడి పదార్థం మందం అర మిల్లీమీటరుకు తగ్గితే షిమానో కంపెనీ ప్యాడ్‌లను మార్చేయాలి. స్రామ్ కంపెనీ బ్రేకుల విషయంలో వెనుక రేకుతో కలిపి మొత్తం మందం 3 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండకూడదు. ముఖం అద్దంలా నున్నగా మెరుస్తుంటే అది గట్టిపడిపోయిన పొర, దాన్ని గీసి తీయవచ్చు. అంచు నుంచి లోపలికి నల్లగా, తడిసినట్టుగా మచ్చ పాకి ఉండి, ఆరబెట్టినా పోకపోతే నూనె లోపలిదాకా ఇంకిందన్నమాట. ప్యాడ్ పదార్థం లోపల సన్నని సందులు ఉంటాయి కనుక నూనె అక్కడ దాక్కుంటుంది, పైపైన తుడిస్తే నాలుగు కిలోమీటర్ల తర్వాత వేడికి మళ్లీ బయటికి వస్తుంది. గ్యాస్ పొయ్యి మీద కాల్చి నూనె పోగొట్టవచ్చని కొందరు చెబుతారు. రెసిన్ ప్యాడ్ అయితే దాన్ని అతికించి ఉంచిన జిగురే కాలిపోయి, పదార్థం రేకు నుంచి ఊడే ప్రమాదం ఉంది, పొగ కూడా మంచిది కాదు. మెటల్ ప్యాడ్ అయినా నేను ఆ పని చేయను, మిమ్మల్నీ చేయవద్దంటాను. నూనె ఇంకిన ప్యాడ్‌ను పారేసి కొత్తది వేయడమే సరైన దారి.

నూనె లేకుండా మెరుపు మాత్రమే ఉంటే, హార్డ్‌వేర్ షాపులో 120 నంబరు ఎమరీ కాగితం తెచ్చుకోండి. దాన్ని వంటింటి గ్రానైట్ అరుగు వంటి సమమైన చోట పరిచి, ప్యాడ్ ముఖాన్ని ఆనించి, ఎక్కువ నొక్కకుండా తెలుగు నాలుగంకె (౪) రాసినట్టు వంపులు తిప్పుతూ రుద్దండి. మొదట మెరుపు అక్కడక్కడా తెగుతుంది, ఆ తర్వాత ముఖమంతా సుద్దలాగా మసకబారుతుంది, అక్కడ ఆపాలి. అంతకు మించి రుద్దడం ప్యాడ్ ఆయుష్షు తగ్గించుకోవడమే. ఆ ధూళి పీల్చకుండా మాస్కు కట్టుకోండి, వంటింట్లో చేస్తే అరుగును తర్వాత తడిబట్టతో బాగా తుడవండి. రోటర్ తిరిగి వచ్చి మొదట తగిలే ప్యాడ్ అంచు పదునుగా ఉంటే దాన్ని కాగితం మీద ఏటవాలుగా నాలుగైదుసార్లు గీసి కాస్త మొద్దుబార్చండి. చిన్న పనే అయినా కీచుమోత తగ్గడంలో దీని పాత్ర కనిపిస్తుంది.

రోటర్ శుభ్రం చేయడం

దీనికి కావలసినది ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అది కూడా 90 శాతానికి పైబడినది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే కొట్లలో సర్క్యూట్ బోర్డులు తుడవడానికి దీన్ని సీసాల్లో అమ్ముతారు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ వాడకండి, అందులో గ్లిజరిన్ వంటి మెత్తబరిచే పదార్థాలు ఉంటాయి. మందుల షాపు స్పిరిట్ అయితే లేబుల్ చదివి, నూనె గానీ సువాసన గానీ కలిపి ఉంటే పక్కన పెట్టండి. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ జోలికి వెళ్లనే వద్దు.

ఉతికిన తెల్లని నూలుబట్ట ముక్కలు నాలుగైదు దగ్గర పెట్టుకోండి. బట్టను ఆల్కహాల్‌తో తడిపి, రోటర్ రెండు ముఖాలనూ గట్టిగా తుడవండి. మొదటి ముక్క కాటుక తుడిచినట్టు నల్లగా వస్తుంది, రెండోది బూడిద రంగులో వస్తుంది. ముక్క తెల్లగా మిగిలేదాకా కొత్త కొత్త ముక్కలతో కొనసాగించాలి. ఒకే ముక్కతో తిప్పితిప్పి తుడిస్తే మురికిని ఇటునుంచి అటు చేర్చినట్టే. ఇంకా జిడ్డు అనుమానం ఉంటే 220 నంబరు ఎమరీ కాగితంతో రోటర్ ముఖాన్ని తేలికగా గీసి మళ్లీ తుడవండి. ఈ పనంతా చక్రం ఆగి ఉన్నప్పుడే చేయాలి. తిరుగుతున్న రోటర్ రంధ్రాల్లో వేలు పడితే తెగిపోయే ప్రమాదం ఉంది. ఇప్పుడే దిగివచ్చిన సైకిల్ అయితే రోటర్ చల్లారేదాకా ఆగండి.

రోటర్ మందం కూడా ఒకసారి కొలవండి. షిమానో రోటర్లు కొత్తవి 1.8 మిల్లీమీటర్లు ఉంటాయి, 1.5కు తగ్గితే మార్చాలి. చాలా రోటర్ల మీద కనీస మందం చెక్కే ఉంటుంది.

బోల్టులు బిగించి, క్యాలిపర్‌ను మధ్యకు తేవడం

శుభ్రమైన ప్యాడ్‌లు, శుభ్రమైన రోటర్ ఉన్నా మోత పోకపోతే తప్పు సాధారణంగా ఇక్కడే ఉంటుంది. రోటర్‌ను హబ్‌కు పట్టి ఉంచే ఆరు బోల్టులకు నక్షత్రం ఆకారపు కొన ఉండే టి-25 కీ కావాలి. వాటిని ఒక దాని తర్వాత దాని పక్కదాన్ని కాకుండా, ఎదురెదురుగా ఉన్నవాటిని మార్చి మార్చి బిగించాలి. ఎంత బిగించాలన్నది కంపెనీని బట్టి మారుతుంది: షిమానో 2 నుంచి 4 న్యూటన్ మీటర్లు (బిగింపు బలానికి కొలత) అంటుంది, స్రామ్ 6.2 అంటుంది. అందువల్ల మీ రోటర్ కంపెనీ చెప్పిన అంకెనే పాటించండి. హ్యాండిల్‌కూ ఫ్రేముకూ మధ్య ఉండే హెడ్‌సెట్ వదులుగా ఉన్నా అదురు వస్తుంది. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే టకటకమని చేతికి తెలుస్తుంది.

క్యాలిపర్‌ను మధ్యకు తేవడానికి చక్రాన్ని ఫ్రేములో సరిగ్గా కూర్చోబెట్టి, క్యాలిపర్ రెండు బోల్టులనూ 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో, క్యాలిపర్ చేత్తో కదిలేంతవరకు వదులు చేయండి. బ్రేకు లీవర్‌ను గట్టిగా నొక్కి పట్టుకోండి, క్యాలిపర్ దానంతటదే రోటర్ దగ్గరికి సర్దుకుంటుంది. లీవర్ వదలకుండానే బోల్టులను కొద్దికొద్దిగా, మార్చి మార్చి బిగించండి. ఒకదాన్ని ఒక్కసారే బిగిస్తే క్యాలిపర్ తిరిగిపోతుంది. చివరి బిగింపు షిమానో లెక్కలో 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. ఇంకా రాసుకుంటుంటే క్యాలిపర్ వెనుక తెల్లకాగితం పట్టుకుని పైనుంచి చూడండి, ప్యాడ్‌కూ రోటర్‌కూ మధ్య వెలుగు గీత రెండు వైపులా కనిపించాలి. ఒకవైపే కనిపిస్తే బోల్టు కొద్దిగా వదిలి చేత్తో వెంట్రుక వాసి జరపండి. చక్రం తిరిగేటప్పుడు ఆ గీత ఒకచోట సన్నబడి మళ్లీ వెడల్పవుతుంటే రోటర్ వంకర. దాన్ని సరిచేసే చీలిక పనిముట్టు ఉంటుంది, దానితో అక్కడ కొద్దికొద్దిగా వంచాలి. చేయి తిరగనివారు ఈ ఒక్క పనిని మెకానిక్‌కు వదిలేయడం మంచిది.

మన దగ్గర అమ్ముడయ్యే తక్కువ ధర మౌంటెన్ సైకిళ్లలో చాలావాటికి హైడ్రాలిక్ కాకుండా తీగతో పనిచేసే మెకానికల్ డిస్క్ బ్రేకులు ఉంటాయి. వాటిలో సాధారణంగా బయటివైపు ప్యాడ్ మాత్రమే కదులుతుంది, లోపలి ప్యాడ్ స్థిరంగా ఉంటుంది. ఆ లోపలి ప్యాడ్‌ను అలెన్ కీతో తిప్పి రోటర్‌కు తగలీతగలనంత దగ్గరికి తెస్తే, రోటర్ ఒక పక్కకు వంగి అదరడం తగ్గుతుంది. వానాకాలంలో తీగ తుప్పు పట్టి లీవర్ బరువెక్కితే తీగనూ కేసింగ్‌నూ కలిపి మార్చాలి.

ప్యాడ్‌లకూ రోటర్‌కూ పొత్తు కుదర్చడం

చాలామంది వదిలేసే మెట్టు ఇది. ఎంత శుభ్రం చేసినా ఇది చేయకపోతే చప్పుడు తిరిగివస్తుందని గట్టిగా చెప్పగలను. కొత్త ప్యాడ్ గానీ, గీసిన ప్యాడ్ గానీ, దాని పదార్థం రోటర్ మీద సన్నని సమమైన పొరగా అంటుకున్నాకే సరిగ్గా పట్టుకుంటుంది. వాన లేని రోజు చూసి, ట్రాఫిక్ లేని లేఅవుట్ రోడ్డుకు వెళ్లండి. గంటకు 20 కిలోమీటర్ల వేగం అందుకుని, ఒక్క బ్రేకునే సమంగా నొక్కుతూ నడక వేగానికి తగ్గించి వదిలేయండి, సైకిల్ పూర్తిగా ఆగకూడదు, చక్రం బిగుసుకుపోకూడదు. ఆగిపోతే ప్యాడ్ పదార్థం రోటర్ మీద ఒకేచోట ముద్దగా అంటి, ఆ తర్వాత ప్రతి చుట్టుకూ లీవర్ చేతిలో కొట్టుకుంటుంది. ఇలా ఒక్కో బ్రేకుకు 20 సార్లు చేసి, తర్వాత ఇంకాస్త వేగం నుంచి, ఇంకాస్త గట్టిగా 10 సార్లు చేయండి. ఏడెనిమిదోసారికి పట్టు పెరగడం మీ వేళ్లకే తెలుస్తుంది, చప్పుడు కూడా గరగర నుంచి సన్నని రాపిడిగా మారుతుంది.

ప్యాడ్‌ల ఎంపిక గురించి

రెసిన్ ప్యాడ్‌లు మెత్తనివి, తడిలో తక్కువ అరుస్తాయి, కానీ బురదలో త్వరగా అరుగుతాయి. మెటల్ ప్యాడ్‌లు ఎక్కువ కాలం వస్తాయి, దీర్ఘమైన దిగుడులో వేడిని తట్టుకుంటాయి, అయితే తడిలో మోత వాటిదే ఎక్కువ. ఊళ్లోనే తిరుగుతూ, ఆదివారాలు మాత్రమే మట్టి దారి పట్టేవారికి రెసిన్ చాలు. నంది కొండ వంటి పొడవైన దిగుడు తరచుగా దిగేవారైతే ముందు బ్రేకుకు మెటల్, వెనుక బ్రేకుకు రెసిన్ పెట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి. అయితే రోటర్ మీద రెసిన్ ప్యాడ్‌లు మాత్రమే వాడాలని రాసి ఉంటే మెటల్ ప్యాడ్ వేయకూడదు, ఆ రోటర్ త్వరగా అరిగిపోతుంది. ప్యాడ్ రకం మార్చినప్పుడు రోటర్‌ను మళ్లీ తుడిచి, పొత్తు కుదిర్చే పని మొదటినుంచి చేయాలి.

మళ్లీ రాకుండా

బ్రేకు మీద డబ్ల్యుడి-40 గానీ, సిలికాన్ స్ప్రే గానీ, కొబ్బరినూనె గానీ కొట్టడం కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టే అవుతుంది; చప్పుడు పోతుంది, దానితో పాటు బ్రేకు కూడా పోతుంది. గొలుసుకు నూనె వేసేటప్పుడు స్ప్రే కాకుండా చుక్కలుగా వేసే సీసా వాడి, వెనుక రోటర్‌ను బట్టతో కప్పండి. సెల్లార్‌లో కార్లకు టైరు పాలిష్ కొట్టే చోటికి పక్కనే సైకిల్ ఉంచితే ఆ తుంపర కూడా రోటర్ మీద పడుతుంది, వీలైతే చోటు మార్చండి. తడిసి వచ్చిన రోజు ఇంటికి చేరువలోని చివరి అరకిలోమీటరులో రెండు బ్రేకులనూ తేలికగా నొక్కుతూ వస్తే రోటర్లు ఆరిపోతాయి. వానలో వాలు మొదలయ్యే ముందు కూడా ఇలాగే రెండు మూడు క్షణాలు తేలికగా నొక్కి నీటిని తుడిచేయండి, అవసరం పడినప్పుడు మొదటి పట్టు ఆలస్యం కాదు.

ఇన్ని చేసి, కొత్త ప్యాడ్‌లు వేసిన రెండు వారాలకే వాటి మీద మళ్లీ నల్లటి తడి మచ్చ కనిపిస్తే, నూనె బయటినుంచి కాక, క్యాలిపర్ పిస్టన్ సీలు నుంచి కారుతూ ఉండవచ్చు. ప్యాడ్‌లు తీసి, పిస్టన్ల చుట్టూ తెల్లని టిష్యూ కాగితం నొక్కి, లీవర్ తాకకుండా ఒక రాత్రి అలాగే ఉంచి చూడండి. పొద్దున కాగితం మీద నూనె గుర్తు పడితే ఆ సైకిల్‌ను తొక్కకుండా తోసుకుంటూ దుకాణానికి తీసుకెళ్లండి. షిమానో, టెక్ట్రో, మగురా బ్రేకుల్లో మినరల్ ఆయిల్ ఉంటుంది, స్రామ్ బ్రేకుల్లో చాలావాటిలో డాట్ అనే వేరే రకం బ్రేకు ద్రవం ఉంటుంది. ఒకదానిలో మరొకటి పోస్తే సీళ్లు చెడిపోతాయి గనుక, మీ బ్రేకులో ఏది పోయాలో లీవర్ దగ్గరుండే నూనె తొట్టి (రిజర్వాయర్) మూత మీద చదివి, మెకానిక్ సీసా తెరవకముందే ఆయనకు చెప్పండి.